పండితారాధ్యుని కడపటి యాత్ర

దేహము లింగమునకు నెలవు. ఆ నెలవు శాశ్వతము కాదు. ఈ రెండు సత్యములను ఎడబాయక తలపోయుచు జీవించిన మహనీయుడు మల్లికార్జున పండితారాధ్యుడు. శ్రీపతి పండితుడు, శివలెంక మంచన పండితుడు, ఈయన – ఈ మువ్వురును పండితత్రయమని ప్రసిద్ధి.

12వ శతాబ్దమున ద్రాక్షారామమున భీమన పండితునకు, గౌరాంబకు జన్మించిన యీయన, కోటిపల్లి ఆరాధ్యదేవుని వలన దీక్ష గైకొనెను. కందపద్యములలో శివతత్త్వసారమును రచించెను. బసవేశ్వరుడు కులభేదమును పూర్తిగా త్రోసివేసెను; పండితుడు వైదికాచారమును విడువలేదు. మార్గములు వేరైనను బసవనియందు ఆయనకు గల భక్తి అపారము.

వెలనాటి చోడుల రాజధాని చందవోలులో పండితుడు బౌద్ధాచార్యుని వాదమున జయించెను. పిమ్మట శిష్యులు ఆ ఆచార్యుని వధింపగా, రాజు పండితుని కన్నులు తీయించెనని పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వర్ణించెను. శిష్యుల తప్పునకు గురువు శిక్ష ననుభవించెను. శివానుగ్రహమున చూపు మరల కలిగెనని ఆ కవియే చెప్పెను.

తరువాత పండితుడు బసవదర్శనము కోరి కల్యాణమునకు పయనమయ్యెను. త్రోవలోనే పిడుగువంటి వార్త వినవచ్చెను. 1167 ప్రాంతమున బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యమందెను. ఏండ్ల తరబడి పెంచుకొన్న కోరిక ఒక్క గడియలో తీరనిదయ్యెను. పండితుడు మిక్కిలి శోకించెను. కాని యింటికి మరలలేదు. తన కాలమును సమీపించినదని గ్రహించి, శ్రీశైలమునకు నడచి, మల్లికార్జునుని సన్నిధిని లింగైక్యమందెను.

ఆ శ్రీశైలము చెంత పారు కృష్ణమ్మయే పల్నాటి అచ్చంపేట సీమను తాకుచు సముద్రమునకు పోవుచున్నది. నిన్నటి నీరు నేడు రేవున నిలువదు. ఆయువును అట్టిదే.

శరణులు మరణమును లింగైక్యమందురు. కరమున ఇష్టలింగముతో, విభూతి నడుమ, కూర్చుండబెట్టి సమాధి చేయుట మన యాచారము. బ్రతికియున్ననాడు అరచేత నిలిపి పూజించిన లింగమే నాడును తోడుండును. కావున మృత్యుస్మరణ భయము కొరకు కాదు, నేటి పని నేడే చేయుట కొరకు. చూడవలసిన పెద్దలను ఓపికయుండగనే చూడవలెను. జంగమునకు పెట్టవలసిన పిడికెడన్నము రేపటికి దాచరాదు. కల్యాణము చేరకమునుపే కబురు చేరవచ్చును. పండితారాధ్యునంతటి వానికే అట్లు జరిగెను.