అభినవాంధ్ర భోజుడు శ్రీ ఆనందగజపతి మహారాజు

పూర్వము మన దేశమున రాజులు కవులను పోషించిరి; కవులు రాజులను కీర్తించిరి. భోజరాజు కొలువును, శ్రీకృష్ణదేవరాయల భువనవిజయమును వినని తెలుగువాడు లేడు. కళింగాంధ్రమందలి విజయనగర సంస్థానాధీశుడు శ్రీ పూసపాటి ఆనందగజపతి మహారాజు ఆ పరంపరలోనివాడే. ఆయన ఆశ్రయమున వెలసిన రచనలలో ప్రజలు నేటికిని చదువుచున్నది కన్యాశుల్క నాటకము. దాని విషయము రాజవైభవము కాదు, ఆడపిల్లల అమ్మకము. ఆయన పోషణలోని విశేషమిదియే.

ఆనందగజపతి 1850 డిసెంబరు 31వ తేదీన జన్మించెను. తండ్రి విజయరామ గజపతి 1879లో స్వర్గస్థుడు కాగా సంస్థాన భారము వహించెను. సంస్కృతాంధ్రాంగ్లములందు పండితుడు, సంగీతరసికుడు. మాక్సుముల్లరు పండితుడు సాయణ భాష్యముతో ఋగ్వేదమును రెండవమారు నాలుగు సంపుటములుగా 1890-92లో అచ్చువేయించుటకు ధనమిచ్చినవాడీయనయే. అందుచేతనే జనులాయనను అభినవాంధ్ర భోజుడని కొనియాడిరి.

ఆ కాలమున బ్రాహ్మణ కుటుంబములు పెక్కింటిలో వరుని పక్షమువారు కన్య తండ్రికి సొమ్మిచ్చి పిల్లను కొనుట ఆచారమై యుండెను. సొమ్ముగల ముదుసలికి పసిపిల్లను కట్టబెట్టుట, ఆతడు గతించినపిమ్మట ఆమె జన్మమంతయు వైధవ్యమున మ్రగ్గుట ఇంటింటి కథ. మన గోదావరి తీరమున రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహము జరిపించి ఆ దుఃఖమునకు ఒక మందు చూపిరి. ఆనందగజపతి దాని మొదటికే పోదలచెను.

మద్రాసు శాసనసభలో శుల్కవివాహములను గూర్చిన బిల్లు నడచుచుండగా, సభ్యుడైన మహారాజు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన అట్టి పెండ్లిండ్ల పట్టికను వ్రాయించెను. పట్టిక సమగ్రము కాకున్నను 1,034 పెండ్లిండ్లు లెక్కకు వచ్చెను. వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల తలకు 350 మొదలు 400 రూపాయలు. తల్లి కడుపులోని బిడ్డకు సైతము బేరమాడినవారు కలరు.

ఇంత లెక్క యెదుట నిలిచినను బిల్లు చట్టము కాలేదు. శాసనము చేయజాలని పనికి సాహిత్యము పూనుకొనెను. మహారాజా కళాశాలలో అధ్యాపకుడైన గురజాడ అప్పారావుగారు ఆ పట్టికలోని పసిపిల్లల గతిని నాటకముగా మలచిరి. నవ్వించుచునే చదువరిని సిగ్గుపడజేయు రచన యది. పండితులు నాటకమునకు గ్రంథభాషయే తగునని తలచు దినములలో అది జనులు మాటలాడు తెలుగున నడచెను. అగ్రహారీకుల ధనాశ అందు దాపరికము లేక బయటపడెను. కొలువులో పండితులు నిండియున్న ప్రభువు అట్టి రచనను ఆదరించుట సామాన్యమైన సాహసము కాదు. 1892 ఆగస్టు 13న విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు దానిని ప్రదర్శించిరి.

1897 జనవరిలో నాటకము అచ్చై మహారాజునకు అంకితమయ్యెను. ఆంగ్లమున వ్రాసిన ఆ పీఠికలోనే గురజాడవారు పై లెక్కలను పొందుపరచిరి. నాలుగు నెలలు గడచినవో లేదో, మే 23న మహారాజు పరమపదించెను. ఆయనకు నలుబదియారేండ్లే నిండినవి. పోషకుని వెంట కవి వృత్తి గూడ పోవుట లోకమున కలదు. ఇచ్చట అట్లు జరుగలేదు. మహారాజు సోదరి రీవా మహారాణి అప్పలకొండయాంబగారు గురజాడవారిని తన కార్యదర్శిగా నిలుపుకొనిరి. సంస్థానపు నీడననే వారు నాటకమును మిక్కిలి పెంచి తిరుగవ్రాసి 1909లో ప్రకటించిరి. నేడు మనము చదువునది ఆ రెండవ కూర్పే.

బాల్యవివాహ నిరోధక చట్టము 1929 వరకు రాలేదు. 1948 చట్టముతో జమీందారీ ఎస్టేటులును రద్దయినవి. కన్యాశుల్కము మాత్రము పల్లెపల్లెల గ్రంథాలయములలో నిలిచియున్నది. ఋగ్వేద ముద్రణకు ధనమిచ్చినచేతితోనే ఆనందగజపతి ఊరిలోని తప్పును ఊరిభాషలో చెప్పిన రచయితకును అండ యిచ్చెను. సంపద లేనివారును ఆయన ధర్మములో పాలుపంచుకొనవచ్చును. నిజము చెప్పు గ్రంథమును కొని గ్రంథాలయమునకిచ్చువాడును, చదివి పదుగురికి వినిపించువాడును, చందాదారుడై దాని నిలుపువాడును, తమ శక్తి కొలది పోషకులే.