వెనుదిరగడం తెలిసిన వీరుడు - టెన్సింగ్

మన బెంగళూరు నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. నగరానికి దగ్గరలోని నందికొండ ఎత్తు 1,478 మీటర్లు. చలికాలంలో తెల్లవారుజామున ఆ కొండ ఎక్కినవారికి అక్కడి చలి ఎలా ఉంటుందో తెలుసు. ఎవరెస్టు శిఖరం నందికొండకు దాదాపు ఆరు రెట్ల ఎత్తు. దాని ఎత్తు 8,849 మీటర్లు. అక్కడ మనిషికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందే దానిలో మూడవ వంతు మాత్రమే. నాలుగడుగులు వేస్తే ఆయాసం ముంచుకొస్తుంది. చేతివేళ్ళు, కాలివేళ్ళు చలికి కొయ్యబారిపోతాయి.

ఆ శిఖరంపై మొట్టమొదట కాలుమోపిన ఇద్దరిలో ఒకరు టెన్సింగ్ నార్గే. ఆయన విజయం లోకమంతటికీ తెలుసు. కాని ఆ విజయానికి ముందు ఆయన ఎన్నిసార్లు వెనుదిరిగి వచ్చారో తెలిసినవారు తక్కువ.

టెన్సింగ్ 1914లో ఒక పేద షెర్పా కుటుంబంలో జన్మించారు. ఎవరెస్టు పాదాల చెంత, నేపాల్‌లోని ఖుంబు ప్రాంతంలో జడలబర్రెలను మేపుతూ పెరిగారు. ఆయనకు బడి చదువు అబ్బలేదు. అయినా అనేక భాషలు మాట్లాడగలిగేవారు. షెర్పాలు చోమోలుంగ్మా అని పిలుచుకొనే ఆ పర్వతాన్ని ఎప్పటికైనా ఎక్కాలన్నది ఆయన చిన్ననాటి కల. యౌవనంలో ఇల్లు విడిచి డార్జిలింగ్ చేరారు. 1935లో ఒక బ్రిటిష్ బృందం ఆయనను బరువులు మోసే పనికి తీసుకొన్నది. 1936లో, 1938లో, 1947లో కూడా ఆయన ఎవరెస్టుకు వెళ్ళారు. ప్రతిసారీ మంచు, గాలి ఎదురు నిలిచాయి. ప్రతిసారీ తిరిగి రాక తప్పలేదు.

1952 వసంతకాలంలో స్విట్జర్లాండ్ బృందం ఎవరెస్టుకు వచ్చింది. ఆ బృందంలోని రేమండ్ లాంబర్ట్‌కు, టెన్సింగ్‌కు మంచి స్నేహం కుదిరింది. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. అయినా ఒకరి మనసు ఒకరికి తెలిసేది. లాంబర్ట్ 1938లో, శీతకాలంలో ఆల్ప్స్ పర్వతాలలో మంచుతుపానుకు చిక్కి కాలివేళ్ళన్నీ పోగొట్టుకొన్నవాడు. కొండ కోపిస్తే ఏమవుతుందో ఆయనకు వేరే చెప్పనక్కరలేదు.

మే 27వ తేదీ రాత్రి వారిద్దరూ దాదాపు 8,400 మీటర్ల ఎత్తున ఒక చిన్న గుడారంలో గడిపారు. కప్పుకొని పడుకొనే సంచులు లేవు. వంటపొయ్యి లేదు. కొవ్వొత్తి మంటపై మంచుగడ్డను కరిగించి గొంతు తడుపుకొన్నారు. చలికి బిగుసుకుపోకుండా తెల్లవార్లూ ఒకరినొకరు తట్టుకొంటూ మేలుకొన్నారు. ఉదయాన్నే పైకి బయలుదేరారు. వారి ప్రాణవాయువు పరికరాలు నడిచేటప్పుడు సరిగా పనిచేయలేదు. కొన్నిచోట్ల చేతులు, మోకాళ్ళపై పాకవలసి వచ్చింది. ఐదు గంటలు శ్రమిస్తే ఎక్కగలిగింది సుమారు 200 మీటర్లు మాత్రమే.

శిఖరం ఇంకా 250 మీటర్ల దూరంలో ఉంది. అంత ఎత్తుకు అంతకుముందు చేరినట్లు రుజువున్నవారు ఎవ్వరూ లేరు. మరొక్క ప్రయత్నం చేస్తే లోకమంతా పొగుడుతుంది. కాని అదే నడకన సాగితే పైకి చేరడానికి ఇంకా ఆరు గంటలు పడుతుంది. అప్పటికి సాయంత్రమవుతుంది. ఎక్కినవారు దిగాలి కదా! దిగే బలం మిగలకపోతే ఎక్కిన ఫలమేమిటి? 1924లో మాలరీ, ఇర్విన్ అనే ఇద్దరు ఇదే శిఖరంకోసం వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. టెన్సింగ్, లాంబర్ట్ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. వాదించుకోలేదు. మౌనంగా వెనుదిరిగారు.

అదే సంవత్సరం వర్షాకాలం ముగిశాక స్విస్ బృందం మళ్ళీ వచ్చింది. ఈసారి టెన్సింగ్ షెర్పాలకు సర్దారు మాత్రమే కాదు, శిఖరారోహణ బృందంలో సభ్యుడు కూడా. అక్టోబరు చివర మంచుగడ్డలు విరిగిపడి మింగ్మా దోర్జే అనే షెర్పా మరణించాడు. నవంబరులో శీతకాలపు ఈదురుగాలులు మొదలయ్యాయి. అతికష్టం మీద సౌత్ కోల్ అనే కనుమ దాటి 8,100 మీటర్ల వరకు వెళ్ళారు. అక్కడి గాలి మనిషిని నిలువనివ్వలేదు. ఇక ముందుకు వెళ్తే మరికొన్ని ప్రాణాలు పోతాయని గ్రహించి బృందం దిగి వచ్చింది. టెన్సింగ్ జబ్బుపడి కొంతకాలం పాట్నా ఆసుపత్రిలో ఉన్నారు.

బతికుంటే బలుసాకు తినవచ్చునని మన సామెత. తిరిగి వచ్చినవారికే మరో అవకాశం ఉంటుంది. 1953లో జాన్ హంట్ నాయకత్వాన బ్రిటిష్ బృందం వెళ్ళింది. మే 26న బోర్డిలన్, ఇవాన్స్ శిఖరానికి 100 మీటర్ల దిగువ వరకు చేరి, పొద్దు మించిపోతుండడంతోనూ, ప్రాణవాయువు చాలకపోవడంతోనూ వెనుదిరిగారు. తరువాతి వంతు టెన్సింగ్, ఎడ్మండ్ హిల్లరీలది. మే 28న గుడారం వేయడానికి చోటు దొరకక వారు తిరుగుతుండగా, టెన్సింగ్‌కు నిరుడు తాను చూసిన ప్రదేశం గుర్తుకు వచ్చింది. ఆయన చూపిన దిక్కునే చోటు దొరికింది. నిరుడు లేని పొయ్యి, పడక సంచులు, పనిచేసే ప్రాణవాయువు పరికరాలు ఈసారి ఉన్నాయి. మరునాడు, మే 29న ఉదయం 11 గంటల 30 నిమిషాలకు వారిద్దరూ శిఖరం చేరారు. ఏడవ ప్రయత్నంలో టెన్సింగ్ కల ఫలించింది. అప్పుడాయన మెడలో లాంబర్ట్ కానుకగా ఇచ్చిన ఎర్రని కంఠవస్త్రం ఉంది.

1954లో డార్జిలింగ్‌లో హిమాలయ పర్వతారోహణ సంస్థ ఏర్పడింది. టెన్సింగ్ అక్కడ ఎందరో యువతీయువకులకు శిక్షణ ఇచ్చారు. 1959లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ బిరుదుతో గౌరవించింది. 1986 మే 9న ఆయన డార్జిలింగ్‌లో కన్నుమూశారు.

ముందుకు సాగడానికి ధైర్యం కావాలి. గమ్యం కళ్ళెదుట కనిపిస్తుండగా వెనుకకు మరలడానికి ధైర్యంతోపాటు వివేకం కూడా కావాలి. ఆ రెండూ ఉన్నందువల్లనే టెన్సింగ్ పర్వతాన్ని ఎక్కగలిగారు, క్షేమంగా దిగి ఇంటికి రాగలిగారు.