పొలం చాళ్లలో టీవీని చూసిన కుర్రాడు.. కేసు గెలిచాడు, కాలం ముందు ఓడిపోయాడు! ఫిలో ఫార్న్స్‌వర్త్ కథ ఇదీ

టీవీ కొందామని షాపుకి వెళ్తే ముందు వినపడే మాటలు ఇవే.. ఫుల్ హెచ్‌డీ, 4కే, 60 హెర్ట్జ్, 120 హెర్ట్జ్. ఫోన్ కొనేటప్పుడూ అంతే. ధర చూస్తాం, అంకెలు చూస్తాం, చివరికి పక్కింటాయన ఏది కొన్నాడో అదే కొనేస్తాం. కానీ ఈ అంకెల వెనక ఓ మనిషి జీవితం ఉంది. అమెరికాలో ఓ మారుమూల పొలంలో గుర్రాలతో దుక్కి దున్నుతూ, తెర మీద బొమ్మ ఎలా కదలాలో ఊహించిన 14 ఏళ్ల కుర్రాడి జీవితం అది. పేరు ఫిలో టేలర్ ఫార్న్స్‌వర్త్. ఈయన కథ తెలిస్తే, షాపులో ఆ అంకెలు చెప్పేది ఏంటో కూడా తెలుస్తుంది.

కరెంటు లేని ఇంట్లో పుట్టి..

1906 ఆగస్టు 19న అమెరికాలోని యూటా రాష్ట్రం, బీవర్ దగ్గర ఓ దుంగల ఇంట్లో ఫిలో పుట్టాడు. వ్యవసాయ కుటుంబం. ఇంట్లో కరెంటు లేదు. 1918లో ఆ కుటుంబం ఐడహో రాష్ట్రంలోని రిగ్బీ దగ్గరకు మకాం మార్చింది. కొత్త ఇంట్లో ఓ జనరేటర్ ఉంది, అటక మీద పాత సైన్స్ పత్రికల కట్టలు ఉన్నాయి. ఫిలోకి ఇంకేం కావాలి?

జనరేటర్ మొరాయిస్తే తనే విప్పి బాగుచేశాడు. చేత్తో తిప్పే వాషింగ్ మెషీన్‌కి మోటారు బిగించి అమ్మకి శ్రమ తగ్గించాడు. కార్లు దొంగతనం కాకుండా ఓ తాళం డిజైన్ చేసి, పత్రిక పెట్టిన పోటీలో 25 డాలర్ల ప్రైజ్ కొట్టాడు. అప్పటికి ఇంకా హైస్కూల్ కూడా పూర్తి కాలేదు.

చాలు తర్వాత చాలు.. గీత తర్వాత గీత

దూరంగా ఉన్న బొమ్మని తీగల ద్వారానో, గాలిలోనో పంపాలనే ఆలోచన అప్పటికే ఉంది. జర్మనీలో పాల్ నిప్కో 1884లోనే ఒక చిల్లుల చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. చక్రం గిర్రున తిరుగుతుంటే చిల్లుల గుండా బొమ్మ ఒక్కో గీతగా కనపడుతుంది. బ్రిటన్‌లో జాన్ లోగీ బెయిర్డ్ 1926లో టీవీ చూపించింది ఈ పద్ధతిలోనే. ఆయన బొమ్మకి ఉన్నవి 30 గీతలే. మనిషి ముఖం గుర్తుపట్టడమే కష్టం. చక్రాన్ని ఇంకా వేగంగా తిప్పుదామంటే ఇనుముకి ఓ హద్దు ఉంది.

1921లో ఫిలో పొలం దున్నుతూ వెనక్కి తిరిగి చూశాడు. ఒక చాలు పక్కన ఇంకో చాలు, మడి మొత్తం వరుసలే. బొమ్మని కూడా ఇలాగే వరుసలుగా చదవొచ్చు కదా! అయితే చక్రంతో కాదు, ఎలక్ట్రాన్లతో. ఎలక్ట్రాన్‌కి బరువు లేనట్టే లెక్క, అయస్కాంతంతో ఎటు కావాలంటే అటు మళ్లించొచ్చు. గీతలుగా చదవడం పాత ఆలోచనే. తిరిగే భాగం ఒక్కటీ లేకుండా చదవడమే ఫిలో తెచ్చిన కొత్తదనం.

1922లో కెమిస్ట్రీ మాస్టారు జస్టిన్ టోల్మన్‌కి బోర్డు మీద బొమ్మ వేసి ఇదంతా చెప్పాడు. ఓ కాగితం మీద కూడా గీసి ఇచ్చాడు. మాస్టారు దాన్ని పారేయలేదు. ఆ కాగితం ముక్క పన్నెండేళ్ల తర్వాత ఎంత పని చేసిందో ముందుకెళ్తే తెలుస్తుంది.

ఒక్క గీత కనపడింది.. చరిత్ర మారింది

1924లో తండ్రి చనిపోయారు. ఇంటి భారం ఫిలో మీద పడింది, యూనివర్సిటీ చదువు మధ్యలో ఆగింది. అయినా ఆలోచన ఆగలేదు. సాల్ట్ లేక్ సిటీలో పరిచయమైన జార్జ్ ఎవర్సన్, లెస్లీ గొరెల్ తమ దగ్గరున్న 6,000 డాలర్లు పెట్టుబడి పెట్టారు. 1926 మేలో ఎల్మా గార్డ్‌నర్‌తో పెళ్లయింది. అందరూ పెమ్ అని పిలిచేవారు. ఆమె వంటింటికే పరిమితం కాలేదు. ల్యాబ్‌లో డ్రాయింగులు వేసింది, వెల్డింగ్ పని కూడా నేర్చుకుంది. ఆమె సోదరుడు క్లిఫ్ గాజు ట్యూబులు ఊదడం నేర్చుకున్నాడు.

1927 జనవరి 7న పేటెంట్‌కి దరఖాస్తు చేశారు. అదే ఏడాది సెప్టెంబర్ 7న శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రీన్ స్ట్రీట్ ల్యాబ్‌లో ఒక గదిలో గాజు పలక పెట్టారు. దాని మీద ఉన్నది ఒకే ఒక్క గీత. పక్క గదిలో తెర మీద ఆ గీత కనపడింది. పలకని తిప్పితే తెర మీద గీత కూడా తిరిగింది. అంతే! తిరిగే చక్రం లేకుండా, పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో పనిచేసిన టీవీ అది. ఫిలో వయసు అప్పటికి 21.

పెట్టుబడిదారులకు డాలర్లు ఎప్పుడు కనపడతాయన్న తొందర ఉంటుంది కదా. వాళ్లకి డాలర్ గుర్తునే తెర మీద చూపించారట. 1929లో పెమ్ ముఖాన్ని తెర మీదకి తెచ్చారు. ఆ బొమ్మలో ఆమె కళ్లు మూసుకుని ఉంటుంది. ఎందుకంటే ల్యాబ్‌లోని లైట్ల వెలుగుకి కళ్లు తెరవడం ఆమె వల్ల కాలేదు.

లోపం ఎక్కడుంది? మీ ఫోన్ కెమెరాకీ ఇదే పాఠం

ఫిలో ట్యూబు పేరు ఇమేజ్ డిసెక్టర్. లెన్స్ గుండా వచ్చిన వెలుగు ఒక ప్రత్యేకమైన పూత మీద పడుతుంది. వెలుగు ఎక్కువ పడిన చోట ఎక్కువ ఎలక్ట్రాన్లు, తక్కువ పడిన చోట తక్కువ ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఈ ఎలక్ట్రాన్ల బొమ్మని అయస్కాంతాలతో జరుపుతూ ఒక సన్నటి రంధ్రం ముందు నుంచి వరుసలుగా నడిపిస్తారు. రంధ్రంలో దూరిన ఎలక్ట్రాన్ల హెచ్చుతగ్గులే సిగ్నల్.

చిక్కు ఏంటంటే.. ఒక క్షణంలో ఒక్క చుక్క దగ్గరి ఎలక్ట్రాన్లే పనికొస్తాయి, మిగతావన్నీ వృథా. అందుకే అంత మిరుమిట్లు గొలిపే వెలుగు కావాల్సి వచ్చింది. ఆర్‌సీఏ కంపెనీలో వ్లాదిమిర్ జ్వొరికిన్ తయారుచేసిన ఐకనోస్కోప్ ఈ లోపాన్ని సరిచేసింది. తన వంతు వచ్చేదాకా ప్రతి చుక్కా వెలుగుని కూడబెట్టుకుంటుంది.

ఇప్పటి ఫోన్ కెమెరా సెన్సార్ కూడా వెలుగుని ఇలాగే కూడబెడుతుంది. అందుకే కెమెరా కోసం ఫోన్ కొనేవాళ్లు మెగాపిక్సెళ్లు ఒక్కటే చూస్తే సరిపోదు. సెన్సార్ సైజు కూడా అడగాలి. చిన్న సెన్సార్‌లో లెక్కలేనన్ని చుక్కలు ఇరికిస్తే ఒక్కో చుక్కకి అందే వెలుగు తగ్గుతుంది. రాత్రి పెళ్లి ఊరేగింపు వీడియోలో ఆ తేడా తెలిసిపోతుంది. ఫోన్‌లో తీసిన వీడియోలో తిరిగే ఫ్యాన్ రెక్కలు వంగినట్టు కనపడతాయి కదా? సెన్సార్ బొమ్మని ఒకేసారి కాకుండా వరుస తర్వాత వరుసగా చదవడమే దానికి కారణం. ఫిలో చాళ్లు మన జేబులో ఇంకా అలాగే ఉన్నాయి!

లక్ష డాలర్లు ఇస్తామన్నా వద్దన్నాడు

1930 ఏప్రిల్‌లో జ్వొరికిన్ స్వయంగా ఫిలో ల్యాబ్‌కి వచ్చారు. మూడు రోజులుండి అంతా చూశారు. అదే ఏడాది ఆగస్టు 26న ఫిలోకి పేటెంట్ వచ్చింది. 1931లో ఆర్‌సీఏ అధిపతి డేవిడ్ సార్నాఫ్ కూడా ల్యాబ్ చూడటానికి వచ్చారు. లక్ష డాలర్లకు మొత్తం కొనేస్తామని ప్రతిపాదించారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కానీ ఫిలో అమ్మలేదు. లైసెన్స్ ఇస్తాను, రాయల్టీ కట్టండి అన్నదే ఆయన పట్టు. అందరి దగ్గరా రాయల్టీ వసూలు చేయడమే అలవాటైన ఆర్‌సీఏకి అది మింగుడుపడలేదు.

ఆ ఏడాదే ఫిలో ఫిల్కో అనే రేడియో కంపెనీతో ఒప్పందం చేసుకుని ఫిలడెల్ఫియా వెళ్లారు. అక్కడే ఆయన జీవితంలో అతి పెద్ద దెబ్బ తగిలింది. 1932 మార్చిలో చిన్న కొడుకు కెన్నీ గొంతు ఇన్ఫెక్షన్‌తో చనిపోయాడు. అప్పటికి పెన్సిలిన్ వాడకంలోకి రాలేదు. బిడ్డని యూటాలో ఖననం చేయడానికి పెమ్ రైల్లో ఒంటరిగా వెళ్లాల్సి వచ్చింది. పని వదిలి వెళ్లడానికి ఫిలోకి కంపెనీ ఒప్పుకోలేదని ఆమె తర్వాత రోజుల్లో చెప్పుకున్నారు. ఆ బాధ ఇద్దరి మధ్యా చాన్నాళ్లు గోడలా నిలిచిపోయింది.

మాస్టారి కాగితం కోర్టు మెట్లెక్కింది

టీవీ ఎవరిది? జ్వొరికిన్ 1923లోనే దరఖాస్తు చేశారు కాబట్టి ఆయనదే అని ఆర్‌సీఏ వాదించింది. అంతకంటే ముందు 1922లోనే ఫిలో తన ఆలోచన చెప్పాడని నిరూపించాలి. అప్పుడు ముందుకొచ్చారు టోల్మన్ మాస్టారు. ఆనాటి పాఠాన్ని గుర్తుచేసుకుని సాక్ష్యం చెప్పారు, దాచిన కాగితాన్నీ చూపించారు. 1923 నాటి జ్వొరికిన్ పరికరం అప్పట్లో పనిచేసిందనడానికి ఆర్‌సీఏ గట్టి ఆధారం చూపలేకపోయింది. 1934లో పేటెంట్ ఆఫీసు తీర్పు ఫిలోకి అనుకూలంగా వచ్చింది. అదే ఏడాది వేసవిలో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన టీవీని జనానికి చూపించారు.

1939లో ఆర్‌సీఏ చివరికి దిగివచ్చింది. దఫాలుగా 10 లక్షల డాలర్లు కట్టి లైసెన్స్ తీసుకుంది. ఫిలో గెలిచారు. కానీ..

గెలిచాక ఏమైంది?

అమెరికా యుద్ధంలోకి దిగింది. 1942లో టీవీల తయారీ ఆపేశారు. పేటెంట్ గడువు 17 ఏళ్లు. అంటే 1930లో వచ్చిన అసలు పేటెంట్ 1947లో ముగిసింది. సరిగ్గా ఆ తర్వాతే అమెరికాలో టీవీల అమ్మకాలు జోరందుకున్నాయి. ఏ రాయల్టీ కోసం ఇన్నేళ్లు పోరాడారో, పంట చేతికొచ్చే వేళకి ఆ హక్కే లేకుండా పోయింది. ఆరోగ్యం దెబ్బతింది, మద్యానికి అలవాటుపడ్డారు, డిప్రెషన్‌లోకి వెళ్లారు. ఫోర్ట్ వేన్‌లో పెట్టిన కంపెనీని 1949లో ఐటీటీ సంస్థ కొనేసింది.

1957 జులైలో ఓ టీవీ గేమ్ షోకి వెళ్లారు. అతిథి రహస్యం ఏంటో ప్యానెల్ కనిపెట్టాలి. టీవీని కనిపెట్టిన మనిషి టీవీలోనే కూర్చుంటే ఒక్కరూ గుర్తుపట్టలేదు! బహుమతిగా 80 డాలర్లు, ఓ సిగరెట్ల కార్టన్ ఇచ్చి పంపారు.

టీవీలో వచ్చే కార్యక్రమాలంటే ఆయనకి పెద్దగా గిట్టేది కాదు. కానీ 1969 జులైలో చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టడాన్ని ఇంట్లో పెమ్‌తో కలిసి తెర మీద చూశారు. పడ్డ కష్టానికి ఫలితం దక్కిందని ఆ రోజు తనతో అన్నారని పెమ్ చెప్పేవారు. 1971 మార్చి 11న న్యుమోనియాతో కన్నుమూశారు. వయసు 64. ఆయన పేరు చెరిగిపోకుండా పెమ్ 2006లో చనిపోయేదాకా తిరుగుతూనే ఉన్నారు.

మన దగ్గరకి ఎప్పుడొచ్చింది?

భారత్‌లో టీవీ ప్రసారాలు 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో మొదలయ్యాయి. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకి టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీలు పెద్దవాళ్లకి ఇప్పటికీ గుర్తే. ఆ పాత టీవీల్లో బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు.

టీవీ కొనేముందు ఈ లెక్క చూసుకోండి

* గీతలే రిజల్యూషన్: ఫుల్ హెచ్‌డీ అంటే 1080 వరుసలు, 4కే అంటే 2160 వరుసలు. బాక్స్ మీద 4కే సపోర్ట్ అని ఉంటే తొందరపడొద్దు. 4కే వీడియోని తీసుకుంటుందని మాత్రమే దాని అర్థం కావచ్చు. ప్యానెల్ అసలు రిజల్యూషన్ ఎంతో అడగండి. 4కే అయితే 3840 × 2160 అని ఉండాలి. చవక ప్రొజెక్టర్ల దగ్గర ఇది మరీ ముఖ్యం.

* దూరం కూడా లెక్కే: 32 అంగుళాల టీవీని గదిలో ఆ చివర నుంచి చూస్తే ఎక్కువ గీతలున్నా కంటికి తేడా తెలియదు. సైజు పెరిగినా, దగ్గరగా కూర్చున్నా 4కే పనికొస్తుంది.

* హెర్ట్జ్ సంగతి: తెర సెకనుకి ఎన్నిసార్లు కొత్త బొమ్మ గీస్తుందో అదే హెర్ట్జ్. సినిమాలు ఎక్కువగా సెకనుకి 24 ఫ్రేములే. సీరియళ్లు, సినిమాలు చూసే ఇంటికి 60 హెర్ట్జ్ చాలు. గేమ్స్ ఆడేవాళ్లకి 120 పనికొస్తుంది. మోషన్ రేట్ లాంటి పేర్లతో రాసిన పెద్ద అంకెలు ప్యానెల్ అసలు హెర్ట్జ్ కాకపోవచ్చు.

* స్టాండర్డ్ కుదిరాకే కొనండి: 1939లో ఆర్‌సీఏ పెద్ద టీవీ సెట్ ధర 600 డాలర్లు. అప్పటి ప్రసారాలు 441 గీతలు. 1941లో అమెరికా ప్రభుత్వం 525 గీతల్ని ఖాయం చేసింది. ముందే కొన్నవాళ్లు సెట్లని మార్పించుకోవాల్సి వచ్చింది. కొత్త టెక్నాలజీ ఏదైనా, అది చూడటానికి మన దగ్గర కంటెంట్ ఉందా, కేబుల్, పోర్టు సరిపోతాయా అని చూసుకున్నాకే డబ్బు పెట్టడం మంచిది.

ఫార్న్స్‌వర్త్ ట్యూబులు ఇప్పుడు మ్యూజియంల్లో ఉన్నాయి. కానీ ఎల్‌ఈడీ టీవీ అయినా, చేతిలో ఫోన్ అయినా, బొమ్మని ఇంకా వరుస తర్వాత వరుసగానే గీస్తోంది. ఈసారి షాపులో ఎవరైనా 1080, 2160 అంటే.. అవి ఎన్ని చాళ్లో చెప్తున్నారని అనుకోండి చాలు.