విదేశీ మీటింగ్‌కు ముందే సగం పని: జంషెడ్జీ టాటా చూపిన దారి

ఉద్యోగంలో చేరిన కొద్ది నెలలకే విదేశీ క్లయింట్‌తో మీటింగ్ ఏర్పాట్లు మీ నెత్తిన పడొచ్చు. అప్పుడు మన దృష్టంతా ఎక్కడ ఉంటుంది? వీడియో లింకు, స్లైడ్లు, ఇంగ్లిషు, వేసుకునే డ్రెస్... ఇవన్నీ కావాల్సినవే, కాదనలేం. కానీ మీటింగ్ ఫలించాలంటే ఇవి సరిపోవు. ఓడల్లో వారాల తరబడి ప్రయాణించి, లండన్‌లో, జపాన్‌లో, అమెరికాలో వ్యాపారం మాట్లాడి వచ్చిన జంషెడ్జీ నస్సర్వాన్‌జీ టాటా జీవితం చూస్తే అసలు పని ఎక్కడుందో తెలుస్తుంది. ఆయన మీటింగ్‌లన్నీ విజయాలేమీ కావు. అందుకే అవి మనకు పనికొస్తాయి.

అప్పులవాళ్ల ముందు లెక్కలతో...

జంషెడ్జీ 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవసారిలో పార్సీ పురోహితుల కుటుంబంలో పుట్టారు. తండ్రి నస్సర్వాన్‌జీ బొంబాయి వెళ్లి వ్యాపారంలో స్థిరపడ్డారు. 1858లో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదువు ముగించిన జంషెడ్జీ కూడా ఆ వ్యాపారంలోనే చేరారు. మరుసటి ఏడాదే కంపెనీ పని మీద హాంకాంగ్ వెళ్లారు.

1864 చివర్లో ఆయన ప్రయాణం లండన్‌కు. అప్పట్లో అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. అక్కడి పత్తి ఆగిపోవడంతో ఇంగ్లండ్ మిల్లులకు బొంబాయి పత్తే దిక్కయింది, ధర ఆకాశాన్నంటింది. ఆ ఊపులో లండన్‌లో ఒక బ్యాంకు పెట్టాలన్నది ఆలోచన. కానీ 1865లో యుద్ధం ముగిసింది. పత్తి ధర ఒక్కసారిగా కూలింది. జంషెడ్జీ చేతిలోని హుండీలు చిత్తు కాగితాలయ్యాయి. బ్యాంకు సంగతి దేవుడెరుగు, అప్పులవాళ్లు ఎదురుగా నిలబడ్డారు.

26 ఏళ్ల కుర్రాడు, పరాయి దేశం. తప్పించుకోవాలని చూడలేదు. లండన్‌లోని బ్యాంకర్లను, అప్పులిచ్చినవాళ్లను కలిసి ఉన్నది ఉన్నట్టు లెక్కలతో సహా ముందు పెట్టారు. వాళ్లకు ఆయన మీద ఎంత నమ్మకం కుదిరిందంటే, ఆ బాకీల పరిష్కారం బాధ్యతను నెలకు 20 పౌండ్ల జీతం మీద ఆయనకే అప్పగించారు. డబ్బు పోయింది కానీ పేరు నిలిచింది.

జపాన్‌లో కుదిరింది, బొంబాయిలో చెడింది

1868లో 21,000 రూపాయల పెట్టుబడితో జంషెడ్జీ సొంత కంపెనీ మొదలుపెట్టారు. 1877 జనవరి 1న నాగ్‌పూర్‌లో ఎంప్రెస్ మిల్లు ప్రారంభమైంది. బొంబాయి నుంచి పత్తి, నూలు తూర్పు దేశాలకు వెళ్లేవి. ఆ దారిలో పీ అండ్ ఓ అనే బ్రిటిష్ ఓడల కంపెనీదే పెత్తనం. దాని రవాణా చార్జీలు వ్యాపారులకు మోయలేని భారంగా ఉండేవి.

దీనికి విరుగుడుగా 1893లో ఆయన జపాన్ వెళ్లి నిప్పన్ యూసెన్ కైషా అనే ఓడల కంపెనీ పెద్దలతో మాట్లాడారు. ఊరికే మద్దతు తెలిపితే చాలదు, నష్టభయంలోనూ సగం పంచుకోవాలన్నది వాళ్ల షరతు. జంషెడ్జీ సరేనన్నారు. ఇంగ్లండ్‌లో ఓడలు అద్దెకు తీసుకుని టాటా లైన్ ప్రారంభించారు. మీటింగ్‌గా చూస్తే నూటికి నూరు మార్కులు!

తర్వాతే కథ అడ్డం తిరిగింది. టన్నుకు 19 రూపాయలు వసూలు చేసిన పీ అండ్ ఓ, పోటీని చంపడానికి ఏకంగా రూపాయిన్నరకు దిగింది. జపాన్‌లో మిల్లుల సంఘం తమ పత్తిని నిప్పన్ యూసెన్ ఓడల్లోనే తెప్పించుకుంటామని ముందే ఒప్పందం రాసిచ్చింది. బొంబాయి వ్యాపారులను మాత్రం అంత గట్టిగా కట్టిపడేసేది ఏదీ లేకపోయింది. చవక చార్జీ చూసి ఒక్కొక్కరే అటు జారుకున్నారు. టాటా లైన్ కొద్దికాలానికే మూతపడింది. లక్ష రూపాయలకు పైగా నష్టం. జపాన్ కంపెనీ నిలదొక్కుకుంది.

ఎదుటి పక్షాన్ని ఒప్పించడం ఒక పని, మన వెనకున్నవాళ్లను నిలబెట్టుకోవడం మరో పని. రెండోది జరగకపోతే మొదటిది నిలవదు.

ఇరవై ఏళ్ల హోంవర్క్

ఇక ఉక్కు కథ. మధ్య పరగణాల్లోని చాందా జిల్లాలో ఇనుప ఖనిజం ఉందని ఒక జర్మన్ నిపుణుడు రాసిన నివేదిక 1882లో జంషెడ్జీ కంటపడింది. దగ్గర్లోని వరోరా బొగ్గును పరీక్ష చేయిస్తే పనికిరాదని తేలింది. గనుల నిబంధనలు కూడా అనుకూలంగా లేవు. ఆలోచన పక్కకు వెళ్లింది కానీ చచ్చిపోలేదు.

1899లో కర్జన్ ప్రభుత్వం గనుల నిబంధనలు సడలించింది. మరుసటి ఏడాది జంషెడ్జీ లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి లార్డ్ జార్జ్ హామిల్టన్‌ను కలిసి ప్రభుత్వ సహకారం కోరారు. ఆ దారి తెరుచుకున్నాకే, 1902లో అమెరికా వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 63.

అక్కడ కూడా నేరుగా బేరానికి కూర్చోలేదు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో బొగ్గును కోక్‌గా మార్చే పద్ధతులు చూశారు. ఉక్కు ప్లాంట్ల నిపుణుడు జూలియన్ కెన్నెడీని కలిస్తే ఆయన ఉత్సాహపరచకపోగా హెచ్చరించారు. తొలి పరిశోధనకే బోలెడు ఖర్చవుతుందని, ఫలితానికి హామీ లేదని స్పష్టంగా చెప్పారు. జంషెడ్జీ నొచ్చుకోలేదు. ఖర్చుకు సిద్ధమేనన్నారు. మరి ఆ పరిశోధనకు సరైన మనిషెవరు? కెన్నెడీ చూపిన పేరు న్యూయార్క్‌లోని ఇంజినీర్ చార్లెస్ పేజ్ పెరిన్.

పెరిన్ ఆఫీసుకు జంషెడ్జీ స్వయంగా వెళ్లారు. వింత దుస్తుల్లో వచ్చిన అపరిచితుణ్ని చూసి పెరిన్ ఆశ్చర్యపోయారు. జంషెడ్జీ అడగాల్సింది సూటిగా అడిగారు: ఇండియా వచ్చి ఖనిజం, బొగ్గు, సున్నపురాయి ఎక్కడున్నాయో వెతికి, ప్లాంటు కట్టాలి, ఖర్చు తనది. పెరిన్ ఒప్పుకున్నారు. ముందుగా ఆయన భాగస్వామి, భూగర్భ నిపుణుడు సి.ఎం. వెల్డ్ ఇండియా వచ్చారు.

1904 మే 19న జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో జంషెడ్జీ కన్నుమూశారు. చాందాలో ఆశించిన ఫలితం రాలేదు. అయినా పని ఆగలేదు. కుమారుడు దోరాబ్జీ పగ్గాలు పట్టారు. భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ ఇచ్చిన సమాచారంతో మయూర్‌భంజ్‌లో మేలైన ఖనిజం దొరికింది. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. 1912లో తొలి ఉక్కు వచ్చింది. ఆ ఊరు తర్వాత జంషెడ్‌పూర్ అయింది. బతుకుతెరువు కోసం అక్కడికి చేరిన తెలుగువాళ్లూ ఎందరో.

మీ మీటింగ్‌కు ఏం చేయాలి?

* ఈ మీటింగ్ నుంచి మనకు కావాల్సింది ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. రాయలేకపోతే ఇంకా సిద్ధం కానట్టే.
* ఎదుటివైపు నిర్ణయం తీసుకునేది ఎవరో కనుక్కోండి. తెలియకపోతే తెలిసినవాళ్లను అడగండి.
* అనుమతులు, బడ్జెట్, గడువు... మన ఆఫీసులో తేల్చాల్సినవి ముందే తేల్చుకోండి. టాటా లైన్ దెబ్బతిన్నది ఇంటివైపే.
* చెడు కబురు ఉంటే దాచొద్దు. లెక్కలతో మీరే ముందు చెప్పండి.
* రెండు దేశాల టైమ్, సెలవులు సరిచూసుకోండి. ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో రాసి అదే రోజు మెయిల్ పంపండి.

విదేశీ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్తున్నవాళ్లకూ ఇవే వర్తిస్తాయి. అదీ ఒక మీటింగే కదా! పెరిన్ ఆఫీసులో గడిచింది కాసేపే. దాని వెనక ఇరవై ఏళ్ల తయారీ ఉంది. మీకు అంత సమయం ఉండకపోవచ్చు. కనీసం రెండు రోజులైనా కేటాయించండి.