పరీక్ష ముద్ర వేయడానికి కాదన్న మనిషి: ఆల్ఫ్రెడ్ బినే



పీటీఎంలో ప్రోగ్రెస్ కార్డు అందుకోగానే చాలామంది ముందు చూసేది మార్కులు, తర్వాత అడిగేది ర్యాంకు. అది సహజమే. అయితే పిల్లల తెలివిని కొలిచే పరీక్షను తొలిసారి పనికొచ్చే రూపంలో తయారుచేసిన వ్యక్తి, ఆ కొలత దేనికోసం అనుకున్నారో తెలిస్తే ఈ కార్డును మనం కొంచెం వేరేగా చదువుతాం. బీఈడీ చదివిన ప్రతి టీచరుకూ ఆయన పేరు తెలుసు. ఆయనే ఫ్రాన్స్ మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే.

బినే 1857 జులై 8న నీస్ నగరంలో పుట్టారు. తండ్రి డాక్టరు, తల్లి చిత్రకారిణి. వాళ్లిద్దరూ విడిపోవడంతో తల్లి దగ్గరే పెరిగారు. ప్యారిస్‌లో చదివి 1878లో లా డిగ్రీ తీసుకున్నారు కానీ లాయరు కాలేదు. మెడిసిన్ మొదలుపెట్టి మధ్యలోనే వదిలేశారు. జాతీయ గ్రంథాలయంలో కూర్చుని మనస్తత్వశాస్త్రం సొంతంగా నేర్చుకున్నారు. చదువుకునే రోజుల్లో ఒక ఎగ్జామినర్, ఈ అబ్బాయికి తాత్విక బుద్ధి ఎప్పటికీ రాదని తేల్చేశారు. ఎప్పటికీ అన్న ఆ మాట బినే మనసులో చాలా ఏళ్లు ఉండిపోయింది.

తర్వాత ప్యారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో ప్రసిద్ధ వైద్యుడు షార్కో దగ్గర హిప్నాటిజం మీద పనిచేశారు. అక్కడ వచ్చిన ఫలితాలు తప్పని తేలింది. పరీక్షించేవాళ్లు ఏం ఆశిస్తున్నారో రోగులు అదే చేసి చూపించారు. బినే తన పొరపాటును ఒప్పుకున్నారు. తర్వాత తన ఇద్దరు కూతుళ్లు మాడెలీన్, ఆలిస్‌లను దగ్గరగా గమనించారు. ఒకే ఇంట్లో పెరిగినా ఇద్దరి ఆలోచనా తీరు వేరని గుర్తించారు. తల కొలతలను బట్టి తెలివి చెప్పవచ్చని కొన్నాళ్లు బడిపిల్లల తలలు కూడా కొలిచారు. తేడాలు చాలా స్వల్పంగా వచ్చాయి. పైగా కొలిచేటప్పుడు తన అంచనాలే అంకెల్లోకి దూరుతున్నాయని అనుమానం వచ్చి, ఆ దారి వదిలేశారు.

1904లో ఫ్రాన్స్ విద్యాశాఖ ఒక కమిషన్ వేసింది. చదువులో వెనకబడి, ప్రత్యేక సాయం కావలసిన పిల్లల్ని ఎలా గుర్తించాలన్నది ప్రశ్న. అప్పటివరకు టీచర్ల, డాక్టర్ల అభిప్రాయాలే ఆధారం. ఒకే పిల్లవాడి గురించి ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవారు. అల్లరి చేసే పిల్లవాడు కూడా మందబుద్ధి జాబితాలో చేరే ప్రమాదం ఉండేది. కమిషన్ సభ్యుడైన బినే, డాక్టర్ థియోడర్ సిమోన్‌తో కలిసి 1905లో 30 అంశాల పరీక్ష తయారుచేశారు. వెలుగుతున్న అగ్గిపుల్లను కళ్లతో అనుసరించడం, మూడు అంకెలు విని తిరిగి చెప్పడం, బరువులను వరసగా పేర్చడం వంటివి అందులో ఉన్నాయి. తేలికైనవి ముందు, కష్టమైనవి తర్వాత వస్తాయి. 1908లో వాటిని వయసుల వారీగా అమర్చారు.

అదే కాలంలో ప్యారిస్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో, హెడ్మాస్టర్ వానేతో కలిసి ఆయన బోధనా ప్రయోగశాల నడిపారు. ఏ వయసు పిల్లలు చదవడంలో, లెక్కల్లో, స్పెల్లింగ్‌లో ఎంతవరకు రావాలో అక్కడ పట్టికలు వేశారు. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో టీచరుకు కనబడాలి, అక్కడి నుంచి చేయి పట్టుకుని నడిపించాలి. ఇదే ఆయన ఉద్దేశం. వెనకబడిన పిల్లల క్లాసుల్లో ముందు శ్రద్ధ నేర్పించారు. మన పిల్లలు ఆడే స్టాట్యూ ఆట లాంటి, కదలకుండా నిలబడే ఆటలు కూడా అందులో భాగం. తెలివి పుట్టుకతో ఆగిపోయేది కాదని, సాధనతో పెరుగుతుందని 1909లో రాసిన పుస్తకంలో గట్టిగా వాదించారు. ఆ ఎగ్జామినర్ సంగతీ అందులోనే చెప్పుకున్నారు.

1911 అక్టోబర్ 18న, 54 ఏళ్లకే బినే కన్నుమూశారు. ఆ తర్వాత ఆయన పరీక్ష అమెరికాలో ఐక్యూ అనే ఒక్క అంకెగా మారింది. సాయం చేయడానికి పుట్టిన పరీక్షతో మనుషులను తక్కువవాళ్లని తేల్చారు, వలస వచ్చినవారిని వడబోశారు. బినే భయపడింది సరిగ్గా దీనికే.

ఈ తప్పు మేమూ చేస్తాం. రెండు పరీక్షల్లో మార్కులు తగ్గితే, ఈ పిల్లవాడింతే అని స్టాఫ్ రూమ్‌లో నేనూ అన్నాను. బినే జీవితం మళ్లీ చదివాక ఆ మాట మానుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. ఎఫ్ఏ అయినా, ఎస్ఏ అయినా, అది ఆ రోజుకు పిల్లవాడు ఎక్కడున్నాడో మాత్రమే చెబుతుంది. ఎక్కడికి చేరగలడో చెప్పదు.

అందుకే ఈసారి పీటీఎంకి వచ్చినప్పుడు ర్యాంకుతో పాటు మమ్మల్ని ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. మా బిడ్డ ఏ అంశం దగ్గర ఆగిపోయాడు? దానికి మీరేం చేస్తున్నారు? జవాబు చెప్పడం మా బాధ్యత. కార్డు ఇంటికి తీసుకెళ్లాక, పోయిన నెల కార్డు పక్కన పెట్టి చూడండి. పక్కింటి పిల్లవాడి కార్డు పక్కన మాత్రం పెట్టకండి.