జాన్ మార్‌స్టన్

పంచె కట్టుకొని సైకిలు తొక్కువారికి గొలుసు వలన కలుగు చిక్కు తెలియనిది కాదు. పంచె అంచు గొలుసునకును పండ్లచక్రమునకును నడుమ పడినచో గుడ్డ చినుగును. ఒక్కొక్కప్పుడు మనుష్యుడే క్రింద పడును. చినుగకున్నను, దానికంటిన నల్లని మడ్డిమరక ఎన్ని ఉతుకులు ఉతికినను పోదు. చీరలు కట్టు స్త్రీలకును, పరికిణీలు తొడుగు బాలికలకును ఈ యిబ్బంది మరింత ఎక్కువ. దీనిని నివారించుటకే గొలుసు మీద రేకు తొడుగు నమర్చుదురు. జనులు దానిని చైను కవరు అందురు. అట్టి స్వల్పవస్తువును గురించి ఆలోచించువారు అరుదు. కాని ఆ తొడుగును లోపములేని దానిగా తీర్చుటయే తన కర్మాగారమునకు గౌరవమని యెంచిన పారిశ్రామికుడొకడు ఇంగ్లండు దేశమున ఉండెను. ఆయనయే జాన్ మార్‌స్టన్.

మార్‌స్టన్ 1836వ సంవత్సరమున లడ్లో అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి ఆ యూరిలో పలుకుబడి కల గృహస్థు. కుమారుడు మంచి పాఠశాలలలో చదువుకొనెను. అతడు భూములు చూచుకొనుచు సుఖముగా కాలము గడుపవచ్చును. అయినను తండ్రి అతనిని చేతిపని నేర్చుకొనుటకు పంపెను. 1851లో, తన పదునైదవ యేట, బాలుడు వుల్వర్‌హాంప్టన్ పట్టణమునకు పోయి ఎడ్వర్డ్ పెర్రీ అను వర్తకుని కర్మాగారమున శిష్యుడుగా చేరెను.

ఆ కర్మాగారము పేరు జెడ్డో. జపాను దేశపు ప్రధాన నగరమును ఆ కాలపు ఆంగ్లేయులు ఆ పేరుతో పిలిచెడివారు. ఇంగ్లండు నడుమనున్న కార్ఖానాకు జపాను నగరము పేరుండుట తగియే యున్నది. ఏలన, అచ్చట జరుగు పనికి కూడ జపాను పనియనియే పేరు. జపాను దేశపు లక్కపనిని చూచి ముచ్చటపడిన ఐరోపావారు, దానికి సాటియైన నునుపును, నలుపును లోహపు రేకుల మీద తెచ్చుటకు ఒక పద్ధతిని కనిపెట్టిరి. తగరపు పూతగల ఇనుపరేకుతో పళ్ళెరములు, పెట్టెలు, బొగ్గుతొట్లు మొదలగునవి చేసి, వానిపై నల్లని వార్నీషు పూసి, పొయ్యిగదిలో కాల్చి, ఆరిన పిదప రుద్ది, మరల పూయుదురు. ఈ విధముగా పలుమారులు చేయగా రేకు అద్దమువలె మెరయును. ఒక్క పూత తొందరపడి వేసినను, లోపల ధూళికణము ఒక్కటి నిలిచినను, కొంతకాలమునకు పూత పొక్కి రాలిపోవును. తుప్పు లోనికి దిగును. పైకి కనబడని తప్పు కడకు బయటపడక మానదను పాఠమును మార్‌స్టన్ ఈ పనిలోనే నేర్చుకొనెను.

ఎనిమిది సంవత్సరములు గడచెను. 1859లో, ఇరువది మూడేండ్ల ప్రాయమున, మార్‌స్టన్ పొరుగుననున్న బిల్‌స్టన్ పట్టణమున సొంతముగా రేకుపని వ్యాపారమును ప్రారంభించెను. వ్యాపారము వృద్ధి చెందెను. పెర్రీ మరణించిన పిదప, 1871లో, తాను శిష్యుడుగా ఊడిగము చేసిన జెడ్డో కర్మాగారమునే ఆయన కొనెను. ఒకనాడు బాలుడుగా భయభక్తులతో ప్రవేశించిన గడపను ఇప్పుడు యజమానుడుగా దాటెను.

ఆ కాలమున సైకిలు నేడు మన మెరిగిన రూపమున లేదు. ముందు చక్రము మనుష్యుని యెత్తు. వెనుక చక్రము మిక్కిలి చిన్నది. పెడళ్ళు ముందు చక్రమునకే బిగించియుండుటచే గొలుసుతో పని లేదు. అట్టి సైకిలు నెక్కుట సాహసము, పడుట సులభము. 1880లో హాన్స్ రెనాల్డ్ అను స్విట్జర్లాండు దేశీయుడు మాంచెస్టరు నగరమున గట్టియైన రోలరు గొలుసును కనిపెట్టెను. 1885లో కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములును ఇంచుమించు సమానముగా నుండి, గొలుసుతో వెనుక చక్రము తిరుగు రోవరు సైకిలును లోకమునకు చూపెను. 1888లో డన్లప్ గాలి టైరును కనిపెట్టెను. దీనితో వృద్ధులును, స్త్రీలును కూడ సైకిలు నెక్కుటకు ధైర్యము వహించిరి.

మార్‌స్టన్‌కు సైకిలుపై మక్కువ మెండు. 1887లో, ఏబదియొకటవ యేట, ఆయన తన కొఱకు ఒక సైకిలును తన కర్మాగారముననే చేయించుకొనెను. విలియం న్యూవిల్ అను మేస్త్రీ ఆ పనికి పూనుకొనెను. యజమానుడు పొడగరి కానందున చట్రమును తగ్గుగా అమర్చెనని చెప్పుదురు. బండి సిద్ధమై, నల్లని పూతపై ఎండ పడి మెరయుచుండగా మార్‌స్టన్ భార్య ఎలెన్ దానిని చూచి, సన్‌బీమ్ అను పేరు సూచించినదట. సన్‌బీమ్ అనగా సూర్యకిరణము. ఆ పేరు అందరికిని నచ్చెను. పళ్ళెరములు చేసిన చేతులే సైకిళ్ళు చేయసాగెను. జెడ్డో అను పేరు పోయి, కర్మాగారమునకు సూర్యకిరణభూమి యను అర్థము వచ్చునట్లు సన్‌బీమ్‌లాండ్ అను పేరు వచ్చెను.

కొత్త సైకిలు అన్ని విధముల బాగుగానే యుండెను గాని, దాని గొలుసు మాత్రము యజమానులను వేధించుచుండెను. గొలుసులో ఎన్నియో చిన్న కీళ్ళు కలవు. ప్రతి కీలునందును ఒక మేకు ఇరుసువలె తిరుగును. తిరుగుటకు నూనె కావలెను. నూనె వేసినచో దారిలోని దుమ్ము దానికి అంటుకొనును. దుమ్మును నూనెయు కలిసిన ముద్ద సానరాయి వలె ఇనుమును అరగదీయును. మేకులు అరిగిన కొలది గొలుసు సాగినట్లు పొడవగును, పండ్లపై సరిగా కూర్చొనదు, తొక్కుట కష్టమగును, కడకు గొలుసు జారిపోవును. నూనె వేయకున్న తుప్పు పట్టును. నేటి తారు రోడ్లు అప్పుడు లేవు. వేసవిలో ధూళి, వానలో బురద. అట్టి బాటలలో గొలుసు ఎంతకాలము మన్నును? దీనికి తోడు నాటి ఆంగ్ల స్త్రీలు పాదముల వరకు జీరాడు పావడలు ధరించువారు. వారికి మూతలేని గొలుసు మరియు అపాయకరము.

గొలుసును కప్పవలెనను ఊహ మార్‌స్టన్‌కే మొదట కలిగినది కాదు. హారిసన్ కార్టరు మొదలగు ఇతరులు కూడ అట్టి తొడుగులను చేసిరి. కాని పైభాగమును మాత్రము కప్పు రేకు గుడ్డను కాపాడునే గాని గొలుసును కాపాడలేదు. ధూళి క్రిందినుండి, ప్రక్కనుండి లోనికి వచ్చును. సన్‌బీమ్ కర్మాగారమువారు గొలుసును రెండు పండ్లచక్రములతో సహా పూర్తిగా మూసివేయు రేకుపెట్టెను సిద్ధపరచిరి. దానిలో కొంచెము నూనె నిలిచియుండును. చక్రము తిరుగుచున్నంత సేపును గొలుసు ఆ నూనెలో తడియుచుండును. ధూళి లోనికి రాదు. నూనె బయటికి పోదు. దీనికి వారు చిన్న తైలస్నానము అను అర్థము గల పేరు పెట్టిరి. ఇది సన్‌బీమ్ సైకిలునకు గుర్తుగా ప్రసిద్ధి కెక్కెను.

చెప్పుటకు ఇది సులభముగా తోచును. చేయుట సులభము కాదు. పెడలు ఇరుసు ఒకవైపునను, వెనుక చక్రపు ఇరుసు మరియొకవైపునను పెట్టెను తొలచుకొని పోవలెను. ఆ రంధ్రములు వదులైనచో నూనె కారును. బిగువైనచో ఇరుసు ఒరయును. గొలుసు పెట్టె గోడకు తగిలినచో గలగల శబ్దము వచ్చును. గొలుసు బిగించునప్పుడును, టైరునకు పంక్చరు వేయునప్పుడును వెనుక చక్రమును కదపవలసి వచ్చును గనుక పెట్టెను విప్పుటకు వీలుండవలెను. బరువు పెరుగరాదు. పలుచని రేకును సొట్టలు పడకుండ మలచి, అతికి, తుప్పు పట్టని పూత పూయగల పనివారు కావలెను. మార్‌స్టన్ కర్మాగారమున నున్నవారు అట్టివారే. పళ్ళెరములపై ముప్పదియేండ్లు నేర్చిన విద్య ఇచ్చట ఫలించెను. నల్లని పూత మీద సన్నని బంగారు గీతలు దిద్ది వారు ఆ బండ్లను అలంకరించిరి.

ఇట్టి పనికి వెల ఎక్కువ. సన్‌బీమ్ సైకిలు సామాన్యులకు అందని వస్తువను ఆక్షేపణ కలదు. తొడుగు వలన బండి బరువగుననియు, చక్రము విప్పుట శ్రమయనియు కూడ కొందరు సణిగిరి. ఈ మాటలలో నిజము లేకపోలేదు. అయినను కొన్నవారు ఏండ్ల తరబడి అదే గొలుసుతో తిరుగుచుండుట చూచి, వెల యెందుకు ఎక్కువయో లోకము గ్రహించెను. ప్రసిద్ధ సంగీతకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ 1900లో ఒక సన్‌బీమ్ సైకిలును కొని, దానికి ఫీబస్ అని ముద్దుపేరు పెట్టుకొనెను. ఫీబస్ అనగా గ్రీకుల సూర్యదేవుడు. ఆయన ఆ సైకిలుపై తన సీమలోని పల్లెబాటలలో విరివిగా తిరిగెను.

1895లో మార్‌స్టన్ వ్యాపారము లిమిటెడ్ కంపెనీగా మారెను. మరుసటి సంవత్సరమున ఇంగ్లండు నంతటను సైకిళ్ళ వెర్రి ప్రబలెను. పని తెలిసినవారును తెలియనివారును కంపెనీలు పెట్టిరి. ధనవంతులు వెనుక ముందు చూడక వాటాలు కొనిరి. బండ్లు కొనువారికంటె బండ్లు ఎక్కువాయెను. 1897 మొదలుకొని ధరలు పడిపోయెను. పెక్కు కంపెనీలు మూతపడెను. ఆ తుఫానులో సన్‌బీమ్ నిలిచెను. ఇతరులు వెల తగ్గించుటకై పనిని తగ్గించుచుండగా, మార్‌స్టన్ తన సైకిలు మేలిమిని తగ్గింపలేదు. ఇది గర్వము వలన చేసినది కాదు. తొందరపడి వేసిన పూత రాలుట ఆయన బాల్యమునుండియు చూచియుండెను.

పట్టణపు మంచిచెడ్డలయందును ఆయన శ్రద్ధ వహించెను. 1889 మొదలు 1891 వరకు రెండు పర్యాయములు వుల్వర్‌హాంప్టన్ మేయరుగా నుండెను. ఆయన కుమారులలో చార్లెస్ అనునతడు అమెరికాకు పోయి అచ్చటి యంత్రములను చూచివచ్చెను. పెడళ్ళు మొదలగు విడిభాగములు చేయుటకై 1898లో విల్లియర్స్ అను కంపెనీ వెలసెను. చార్లెస్ దానిని నడిపి, ఫ్రీ వీలు తయారీలోను, పిమ్మట చిన్న ఇంజనులలోను గొప్ప పేరు గడించెను.

కాలము మారుచుండెను. 1899లో సన్‌బీమ్ కర్మాగారమున మొదటి మోటారు బండి తయారాయెను. 1905లో ఆ శాఖ ప్రత్యేక కంపెనీగా ఏర్పడెను. 1912లో, డెబ్బదియారవ యేట, మార్‌స్టన్ మోటారు సైకిళ్ళ తయారీకి పూనుకొనెను. ఆ వయస్సున పలువురు విశ్రాంతి కోరుదురు. ఆయన కొత్త పని కోరెను. ఆ మోటారు సైకిళ్ళకు కూడ గొలుసులను పూర్తిగా కప్పియుంచు నూనెపెట్టెలనే అమర్పించెను. గొలుసు తిరుగునది కాలి బలముతో నైనను, ఇంజను బలముతో నైనను, దానికి ధూళి శత్రువే కదా!

1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. సన్‌బీమ్ మోటారు సైకిళ్ళు సైన్యములకు పోయెను. వృద్ధుడైన యజమానుడు, తన పిదప కర్మాగారమును రోలండ్ అను కుమారుడు నడుపునని నమ్మియుండెను. 1918 మార్చి మాసమున రోలండ్ అకస్మాత్తుగా మరణించెను. ఆ దుఃఖమును తండ్రి భరింపలేకపోయెను. కొద్ది దినములకే, ఎనుబదియొకటి యేండ్లు నిండిన మార్‌స్టన్, సముద్రతీరమున నున్న కాల్విన్ బే పట్టణమున కన్నుమూసెను. సూర్యకిరణమని పేరు పెట్టిన ఎలెన్ కూడ కొద్ది వారములలోనే భర్త వెంట పోయెను. మరుసటి సంవత్సరమున వారసులు కంపెనీని అమ్మివేసిరి. తరువాత ఆ పేరు పలువురి చేతులు మారెను. 1927లో సీగ్రేవ్ అను వీరుడు అమెరికాలో గంటకు రెండువందల మైళ్ళకు మించిన వేగముతో నడిపిన కారు సన్‌బీమ్ కారే.

అయినను మార్‌స్టన్ స్మృతి వేగమునందు కాక వేరొకచోట నిలిచియున్నది. ఆయన కాలమునాటి సన్‌బీమ్ సైకిళ్ళు కొన్ని నేటికిని పాతబండ్ల ప్రియుల యిండ్లలో కలవు. నల్లని తొడుగు విప్పి చూచినవారికి లోపలి గొలుసు నూనెతో తడిసి, అరుగుదల లేక కనబడుచుండును. కొనువాడు విప్పి చూడడని తెలిసియు, చూచినచో సిగ్గుపడనక్కరలేని విధముగా లోపలి పని చేయించినవాడు మార్‌స్టన్. కప్పియుంచు వస్తువునే ఆయన తప్పు కప్పిపుచ్చుకొనుటకు వాడలేదు. చేతిపని నేర్చుకొను ప్రతి బాలుడును ఆయన వలన గ్రహింపదగినది ఇదియే.