వంటబల్ల మీద పుట్టిన వైద్యం

మా ఊళ్లో పంటకాలవ పూడిపోతే రెండే దారులు. పూడిక తీయాలి, లేదా పక్కనుంచి కొత్త కాలవ తవ్వాలి. గుండెకు రక్తం మోసే నాళం పూడుకుపోతే మాత్రం 1977 దాకా వైద్యులకు తెలిసింది రెండో దారే. మందులకు లొంగకపోతే రొమ్ము కోసి, కాలిసిర తెచ్చి పక్కదారిగా కుట్టేవారు. పూడిన నాళాన్నే లోపలినుంచి తెరిచి చూపించిన వైద్యుడు ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్.

ఆయన గురించి నాకు తెలిసింది మా తాతయ్య జబ్బువల్ల. తాతయ్యకు వేసిన స్టెంటు మళ్లీ పూడింది. ఈసారి ఇంకో స్టెంటు వద్దు, మందు పూసిన బెలూన్ పెడదామన్నారు డాక్టరుగారు. సైన్సు చదువుతున్నావుగా, అదేమిట్రా అని నాన్న నన్నడిగాడు. చెప్పలేకపోయాను. సిగ్గేసింది. తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తే ఈయన జీవితం కంటపడింది.

గ్రూంట్‌సిగ్ 1939 జూన్ 25న జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టారు. యుద్ధం తండ్రిని మింగేసింది. తూర్పు జర్మనీలో పెరిగిన ఆ కుర్రవాడు పడమటివైపు వచ్చేసి, హైడల్‌బర్గ్‌లో వైద్యం చదివి, 1969లో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ చేరుకున్నారు.

అమెరికాలో చార్లెస్ డాటర్ అనే వైద్యుడు 1964లోనే కాలి రక్తనాళాల్లోకి ఒకదానికంటే ఒకటి లావైన గొట్టాలు దూర్చి అడ్డంకులు తెరిచారు. అంత లావు గొట్టం గుండెనాళంలోకి ఎలా పోతుంది? సన్నగా వెళ్లి, అడ్డంకి దగ్గర మాత్రమే ఉబ్బే బెలూన్ కావాలి. రబ్బరు పనికిరాలేదు. టైరు చిరిగినచోట సైకిలు ట్యూబు బుడిపె కట్టినట్టు, రబ్బరు మెత్తని వైపుకే ఉబ్బుతుంది, గట్టి అడ్డంకిని వదిలేస్తుంది. ఒక రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసరు ఆయనకు పి.వి.సి. సంగతి చెప్పారు. మన బోరుబావి పైపుల జాతి ప్లాస్టిక్కే! అది కొలతమేరకే ఉబ్బి ఆగుతుంది. రాత్రిళ్లు ఇంట్లో వంటబల్ల మీద భార్య మిఖాయేలా, సహాయకురాలు మరియా ష్లుంఫ్, ఆమె భర్త తోడుగా కూర్చుని ఆ బెలూన్లు చేతితో తయారుచేశారు.

1974లో కాలినాళం మీద పని సాగింది. తర్వాత కుక్కల గుండెనాళాల మీద చేసి, 1976లో అమెరికాలో జరిగిన హృద్రోగ వైద్యుల సభలో ఫలితాలు ప్రదర్శించారు. చాలామంది పెదవి విరిచారు. 1977 సెప్టెంబరు 16న జూరిచ్‌లో 38 ఏళ్ల మనిషికి, మెలకువగా ఉండగానే, గుండెనాళం తెరిచారు. ఏదైనా వికటిస్తే ఆపరేషను చెయ్యడానికి సర్జన్లను సిద్ధంగా ఉంచుకున్నారు. లోపల ఏమీ వదలకుండా బెలూన్ బయటికి తీసేశారు. పదేళ్ల తర్వాత పరీక్షిస్తే ఆ నాళం తెరుచుకునే ఉంది.

అందరి అదృష్టం అలా లేదు. దాదాపు ముగ్గురిలో ఒకరికి నెలల్లోనే నాళం మళ్లీ ఇరుకయ్యేది. ఆ చిక్కు తీరడం ఆయన చూడలేదు. 1980లో అమెరికాలోని అట్లాంటాకు, ఎమరీ యూనివర్సిటీకి వెళ్లిన గ్రూంట్‌సిగ్, 1985 అక్టోబరు 27న సొంత విమానం నడుపుతూ అది కూలి, రెండో భార్య మార్గరెట్ ఆన్‌తోపాటు మరణించారు. వయసు 46. అయిదు నెలలకే, 1986 మార్చిలో, ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో మనిషి గుండెనాళంలో మొదటి స్టెంటు పెట్టారు. అది నాళం ముడుచుకోకుండా ఆపే లోహపు జాలీ. కానీ దానిలోపల కూడా కణాలు పెరిగి దారి మూసేవి. పైగా జాలీ జీవితాంతం లోపలే ఉంటుంది.

అందుకే మళ్లీ బెలూన్ గుర్తొచ్చింది. ఈసారి దానిమీద పాక్లిటాక్సెల్ అనే మందు పూశారు. నిమిషం లోపు ఉబ్బించేసరికి మందు నాళం గోడకు అంటుకుని కణాల పెరుగుదలను అణుస్తుంది. బెలూన్ బయటికి వచ్చేస్తుంది. పూడిన స్టెంట్లకు ఇది మేలు చేస్తుందని 2006లో జర్మనీ వైద్యులు చూపించారు. అమెరికా ప్రభుత్వం గుండెనాళాలకు దీన్ని 2024లో అనుమతించింది. అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. తొలిసారి వచ్చిన అడ్డంకులకు స్టెంటే మెరుగని 2024లో చైనాలో జరిగిన పెద్ద పరిశీలనలో తేలింది. ఎవరికి ఏది అన్నది నాళాన్నిబట్టి వైద్యులు తేల్చాలి.

ఇదంతా నాన్నకు కాలవ లెక్కన చెప్పాను. పూడిక తీసి, గట్టుకు మందు కొట్టి, పార బయటికి తెచ్చెయ్యడమన్నమాట అన్నాడు. అంతకంటే బాగా నేనూ చెప్పలేను. తాతయ్య ఇప్పుడు పొద్దున్నే గట్టుదాకా నడిచి వస్తున్నాడు. వంటబల్ల మీద బెలూన్ అతికించిన ఆ మనిషి పేరు ఆయనకు నోరు తిరగదు. మన కాలేజీలో సైన్సు చదివే మనమైనా గుర్తుపెట్టుకుందాం.